వర్తకానికి రెండవ తాళం

బ్యాంకులో లాకరు తెరవాలంటే రెండు తాళపుచెవులు కావాలన్న సంగతి శ్రోతలలో పలువురు ఎరిగినదే. ఒకటి ఖాతాదారు వద్ద, మరొకటి బ్యాంకు అధికారి వద్ద ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి దొంగ చేతిలో పడినా లాకరు తెరుచుకోదు. ప్రభుత్వ ఖజానాలలోనూ ఇట్టి జంట తాళాల పద్ధతి చిరకాలంగా ఉన్నది. ఇది ఎవరి నిజాయితీనీ శంకించి చేసిన ఏర్పాటు కాదు. భారమంతా ఒకే చేతిమీద మోపరాదన్న వివేకంతో చేసినది.

నేడు మెట్‌పల్లి పసుపు వర్తకునికి ఇనప్పెట్టె కన్న చేతిలోని ఫోనే విలువైనది. ధరవరలు వాట్సాప్‌లో తెలుస్తాయి, పైకం బ్యాంకు ఖాతాలోనికి వస్తుంది, సరుకు విలువ 50,000 రూపాయలు మించితే లారీ కదిలే ముందు కంప్యూటరులో ఈ-వే బిల్లు పుట్టాలి. వీటిలో అనేకం నిన్నమొన్నటివరకు పాస్‌వర్డు అనే ఒంటి తాళంమీదనే నడిచాయి. ఇనుప తాళపుచెవి పోతే జేబు తడుముకొని తెలుసుకుంటాము. పాస్‌వర్డు పోతే పోయినట్లే తెలియదు. అది మన వద్దా ఉంటుంది, దొంగ వద్దా ఉంటుంది.

అందుచేతనే రెండంచెల ధ్రువీకరణ అవసరమైనది. మనకు తెలిసిన పాస్‌వర్డు ఒక అంచె. మన వద్ద ఉన్న ఫోనుకు అప్పటికప్పుడు వచ్చే ఓటీపీగాని, మన వేలిముద్రగాని రెండవ అంచె. రెండు పాస్‌వర్డులు పెట్టుకున్నంతమాత్రాన రెండు అంచెలు కావు. ఒకే గుత్తికి గుచ్చిన రెండు తాళపుచెవులు కలిసే పోతాయి గదా!

మోసగాళ్లకు చిన్న సందు చాలును. 2022 జనవరిలో హైదరాబాదులోని మహేశ్ సహకార బ్యాంకు నుండి 12 కోట్ల రూపాయలకు పైగా అపహరణకు గురైనది. సిబ్బందికి వచ్చిన మోసపూరితమైన ఈ-మెయిళ్ల ద్వారా దుండగులు కంప్యూటర్లలో జొరబడినట్లు పోలీసులు వెల్లడించారు. బ్యాంకుకే ఇట్టి ఆపద వచ్చినప్పుడు అంగడి మాట చెప్పనేల?

ప్రభుత్వం ఊరకుండలేదు. ఇంటర్నెట్టులో కార్డు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణను రిజర్వు బ్యాంకు 2009లోనే విధించినది. ఈ-వే బిల్లుల విషయంలో మొదట పెద్ద సంస్థలకు పెట్టిన నియమాన్ని 2025 ఏప్రిల్ 1 నుండి చిన్న వర్తకులతో సహా అందరికీ వర్తింపజేశారు.

అయితే చట్టం తాళం ఇవ్వగలదుగాని, దానిని వేయవలసినది మనమే. పలు దుకాణాలలో యజమాని పాస్‌వర్డు గుమాస్తాకు తెలుసు, లెక్కలు వ్రాసేవారికీ తెలుసు. ఓటీపీ వచ్చిన వెంటనే యజమాని దానిని కేకవేసి చెబుతాడు. రేపు పైకమో, బిల్లో తారుమారైతే మొదటి అనుమానం ఎవరిమీద పడుతుంది? ఇరవై ఏళ్లుగా నమ్మకంగా పనిచేసిన ఆ గుమాస్తామీదనే. తాను నిర్దోషినని నిరూపించుకొనే మార్గం అతనికి ఉండదు. ఈ-వే బిల్లు విధానంలో గుమాస్తాకు వేరుగా ఉప ఖాతా ఇచ్చి, అతని సొంత ఫోను నెంబరును దానికి జతచేయవచ్చును. అప్పుడు ఎవరి పని వారి పేరనే నమోదవుతుంది. రెండవ తాళం యజమాని సొమ్మునేగాక, పనివాని పరువును కూడా కాపాడుతుంది.

ఈ ప్రాంతంలో గల్ఫు దేశాలకు వెళ్లినవారు ఎక్కువ. కుమారుని నెంబరుమీద ఖాతా తెరిచి, అతడు దుబాయి వెళ్లిన తరువాత ఓటీపీ కోసం ఫోనుచేసే తండ్రులు కలరు. అట్టివారు బ్యాంకుకు వెళ్లి తమ సొంత నెంబరును నమోదు చేయించుకోవడం మేలు. ఈ-మెయిలు వంటివాటికైతే ఫోనులోనే సంకేతాన్ని పుట్టించే అథెంటికేటర్ యాప్‌లు ఉన్నవి. వాటి సంకేతం సాధారణంగా 30 సెకన్లకొకసారి మారుతుంది. సిగ్నలు లేనిచోట కూడా పనిచేస్తుంది. వాట్సాప్‌లోనూ ఆరు అంకెల పిన్ను పెట్టుకొనే వీలున్నది.

ఒక్క మాట మరువరాదు. బ్యాంకు అధికారినని ఎవరు ఫోనుచేసి అడిగినా ఓటీపీ చెప్పరాదు. చెప్పితే రెండవ తాళాన్ని మన చేతులతో మనమే తీసి ఇచ్చినట్లు. పొరపాటున సొమ్ము పోయినట్లయితే సిగ్గుపడి దాచక, తక్షణమే 1930 నెంబరుకు ఫోనుచేయాలి. ఎంత త్వరగా తెలియజేస్తే ఆ సొమ్మును మధ్యలో నిలుపుదల చేసే అవకాశం అంత హెచ్చు.

రాత్రి అంగడి మూసి తాళం వేసి, ఒకసారి లాగి చూడడం వర్తకులకు అలవాటు. ఆ అలవాటును ఫోను విషయంలో కూడా పాటిస్తే చాలును.