పాత బుల్లెట్‌కు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: పాయింట్లు పీకేసే ముందు

ఈసారి చాలామంది అడుగుతున్న ఒక్క ప్రశ్న మీదే మాట్లాడుకుందాం. “అన్నా, మా నాయన బుల్లెట్ ఉంది. పాయింట్లు మాటిమాటికి ఖరాబైతున్నయి. ఎలక్ట్రానిక్ కిట్ ఏపియ్యాల్నా?”

జవాబు ముందే చెప్పేస్తాను. వేయించుకోవచ్చు. కానీ వెనక్కి వచ్చే దారి ఉంచుకొని వేయించుకోండి. ఎందుకో చెప్తాను.

ఈ ప్రశ్న బోధన్, వర్ని, రుద్రూరు, కోటగిరి వైపు వాళ్లకు ఇంకా ముఖ్యం. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పెట్టారు. 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఫ్యాక్టరీ ఆగింది గానీ, చెరకు రోజుల్లో కొన్న బుల్లెట్లు, జావాలు, యెజ్డీలు ఇంకా ఇండ్లల్లో ఉన్నాయి. కొన్ని రోజూ పొలానికి పోతాయి. కొన్ని దసరాకు బయటికి తీసి, కడిగి, బొట్టు పెట్టి, మళ్లీ కొట్టంలో పెడతారు. ఈ రెండు రకాల బండ్లకు ఒకటే మందు పనికిరాదు.

ముందు పాయింట్ పని ఏందో చూద్దాం. మనం ప్లాటినం పాయింట్ అంటాం, సీబీ పాయింట్ అంటాం. ప్లాటినం అన్నది పేరుకే, మూతుల మీద ఉండేది సాధారణంగా టంగ్‌స్టన్. పాయింట్ మూసుకున్నప్పుడు బ్యాటరీ కరెంటు కాయిల్‌లోకి పోతది. క్యామ్ దాన్ని తెరవగానే ఆ కరెంటు ఠక్కున ఆగుతది. ఆగిన ఆ క్షణంలోనే కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్‌లో నిప్పు పడుతది. కరెంటు ఎంత గట్టిగా తెగితే నిప్పు అంత మంచిగ వస్తది. తెగేటప్పుడు పాయింట్ల మధ్య మంట లేవకుండా చూసేది కండెన్సర్. 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ కార్ల కోసం తయారుచేసిన పద్ధతి ఇదే. మన బుల్లెట్‌లో దాదాపు తొంభై ఏండ్ల తర్వాత కూడా అదే నడిచింది. 2000 దాటాక వచ్చిన ఎలక్ట్రాకు కంపెనీయే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది.

మరి పాయింట్ ఎందుకు అరుగుతది? చిన్న లెక్క వేద్దాం. నిజామాబాద్ నుంచి బోధన్‌కు పాతిక కిలోమీటర్ల పైచిలుకు, అరగంట దారి అనుకోండి. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, బుల్లెట్‌లో పాయింట్ 1500 సార్లు తెరుచుకుంటది. అంటే బోధన్ చేరేలోపు 45,000 సార్లు. ప్రతిసారీ మూడు నాలుగు ఆంపియర్ల కరెంటును తెంపాలి. మూతుల మీద గుంటలు పడతాయి. క్యామ్‌ను రాసుకునే ఫైబర్ మడమ అరుగుతది. మడమ అరిగితే గ్యాప్ తగ్గుతది, పాయింట్ ఆలస్యంగా తెరుచుకుంటది, టైమింగ్ వెనక్కి పోతది. బండి వేడెక్కుతది, గుంజదు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. పాయింట్ ఖరాబ్ అన్న బండ్లలో అసలు జబ్బు చాలాసార్లు వేరే ఉంటది. కిట్ కొనే ముందు ఈ నాలుగు చూడండి.

ఒకటి, కండెన్సర్. కవర్ తీసి, చీకట్లో కిక్ కొట్టి పాయింట్ల మధ్య చూడండి. సన్నటి నీలం చుక్క మామూలే. పచ్చగా లావుగా మంట లేస్తే కండెన్సర్ పోయినట్టు. అది మార్చకుండా ఎన్ని పాయింట్లు వేసినా కాలిపోతయి.

రెండు, డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్. క్యామ్‌ను వేళ్లతో పట్టి అటూ ఇటూ ఊపండి. ఊగితే బుష్ అరిగింది. గ్యాప్ ఒక్కో చుట్టుకు ఒక్కో తీరు ఉంటది.

మూడు, ఆటో అడ్వాన్స్. పాయింట్ ప్లేటు కింద రెండు బరువులు, రెండు స్ప్రింగులు ఉంటయి. తుప్పు పట్టి ఇరుక్కుంటే బండి స్పీడెక్కదు. స్ప్రింగ్ సాగితే ఐడిలింగ్ నిలవదు. కొన్ని కిట్లు ఈ బరువులనే వాడుకుంటాయి. అంటే డబ్బు పెట్టినా జబ్బు అక్కడే ఉంటది.

నాలుగు, బ్యాటరీ, ఎర్త్, ప్లగ్ క్యాప్. ఇవి సరిగ్గా లేకుంటే ఏ ఇగ్నిషనూ సరిగ్గా పనిచేయదు.

దసరా బండ్లకైతే ఇంకో మాట. నెలలు నిలబడ్డ బండిలో పాయింట్ మూతుల మీద కంటికి కనబడని పొర కడుతది. కరెంటు దాటదు. శుభ్రమైన గట్టి కాగితం ముక్క మూతుల మధ్య పెట్టి రెండుసార్లు లాగండి. చాలాసార్లు అంతే, బండి లేస్తది. అలాంటి బండికి కిట్ అవసరమే లేదు.

ఇవన్నీ సరిచేశాక, గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లకు పెట్టి, 350 బుల్లెట్ టైమింగ్ పిస్టన్ పైకి చేరడానికి 0.8 మిల్లీమీటర్ ముందు, బరువులు మూసుకొని ఉన్నప్పుడు, పాయింట్ తెరుచుకునేట్టు పెట్టి కొన్నాళ్లు నడపండి. అప్పటికీ విసుగనిపిస్తే కిట్ సంగతి చూద్దాం.

కిట్లు మూడు రకాలు. మొదటిది, పాయింట్ ఉంచి ట్రాన్సిస్టర్ డబ్బా పెట్టేది. కాయిల్ కరెంటును డబ్బా తెంపుతది. పాయింట్ డబ్బాకు సైగ మాత్రమే ఇస్తది. దాని మీద పోయే కరెంటు చాలా తక్కువ కాబట్టి మూతులు కాలవు, మడమ అరుగుడు ఒక్కటే మిగులుతది. కండెన్సర్ వైరు తీసేయాలి. రెండోది, పాయింట్ తీసి అయస్కాంతం, సెన్సర్ పెట్టేది. రాసుకునేదే ఉండదు, టైమింగ్ కదలదు. మూడోది, జనరేటర్ మొత్తం మార్చేది. చెక్ దేశపు వేప్ కంపెనీ జావాలకు ఇలాంటివి చేస్తది. 6 వోల్టుల జావా, యెజ్డీలో లైటు గుడ్డిది, బ్యాటరీ నిలవదు అంటే లోపం పాయింట్‌ది కాదు, జనరేటర్‌ది. అక్కడ ఈ ఖర్చుకు అర్థం ఉంది. కానీ 12 వోల్టులకు మారితే బల్బులు, హారన్, బ్యాటరీ అన్నీ మార్చాలి.

రాజ్‌దూత్ 350 వాళ్లకు రెండు సిలిండర్లు, రెండు పాయింట్లు. రెండూ ఒకే తీరు పెట్టుడు కష్టం. ఒక సిలిండర్ టైమింగ్ ముందుకు పోతే పిస్టన్‌కు ముప్పు. వాళ్లకు రెండో రకం నిజంగా మేలు.

మరి బోధన్ వైపు రోజూ తిరిగే బుల్లెట్‌కు? నేను మొదటి రకమే చెప్తాను. రాత్రి తొమ్మిదింటికి నిజాంసాగర్ కాలువ గట్టు మీద బండి ఆగిందనుకోండి. పాయింట్ బండైతే టార్చ్ లైట్, స్క్రూడ్రైవర్, కాగితం ముక్క చాలు. గేజ్ లేకపోతే విజిటింగ్ కార్డు మందం పెట్టి ఇంటికి చేరతారు. సెన్సర్ పోతే విప్పి చూసేదేమీ లేదు. 160 కిలోల పైబడ్డ బండిని తోసుకుంట పోవుడే. ట్రాన్సిస్టర్ డబ్బా పోతే మాత్రం, రెండు వైర్లు పాత చోట కలిపి, కండెన్సర్ మళ్లీ తగిలిస్తే అయిదు నిమిషాల్లో పాత బండి అయిపోతది.

ఇంకో లాభం ఉంది. బుల్లెట్ ఆంపియర్ మీటర్ చూసి కిక్ కొట్టే అలవాటు మీ అందరికీ తెలుసు. ముల్లు పడితే పాయింట్ మూసింది, సున్నాకు వస్తే తెరిచింది. మొదటి రకంలో సాధారణంగా ఆ ముల్లు అట్లనే ఆడుతది. రెండో రకంలో చాలా కిట్లతో ఆ గుర్తు పోతది, కిక్ మళ్లీ నేర్చుకోవాలి.

బిగించేటప్పుడు జాగ్రత్తలు. మీ బండి 6 వోల్టులా 12 వోల్టులా, బ్యాటరీ ఏ కొన ఎర్త్‌కు ఉందో చూసే కిట్ కొనండి. తిప్పి కలిపితే డబ్బా క్షణంలో కాలిపోతది. డబ్బాను ఇంజన్ వేడికి దూరంగా, సీటు కింద పెట్టండి. ఎర్త్ వైరు పెయింట్ గీకి బిగించండి. కిట్ పుస్తకం చెప్పిన చోట 5 కిలో ఓముల ప్లగ్ క్యాప్ వేయండి. నిప్పు చూడాలంటే ప్లగ్‌ను ఇంజన్‌కు ఆనించే కిక్ కొట్టండి, గాల్లో వదిలేయొద్దు. తీసిన కండెన్సర్, ఒక పాయింట్ సెట్, గేజ్ టూల్ బాక్సులోనే ఉండాలి.

చివరి మాట. చెవితో విని టైమింగ్ చెప్పే మిస్త్రీలు ఇంకా ఉన్నారు, కానీ తగ్గిపోతున్నారు. మీ బండి పాయింట్ సెట్ చేయించే రోజు పక్కన కూర్చొని చూడండి, ఒకసారి మీ చేత్తో చేయండి. కిట్ వేసినా వేయకపోయినా ఆ పని మీకు వస్తే బండి మీ చేతిలో ఉన్నట్టు.

వచ్చే ఎపిసోడ్‌లో బుల్లెట్ ఛార్జింగ్ సంగతి చూద్దాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.