మందులో అసలు కిటుకు మధ్యలో ఉన్న తాడుదే!



మీ ఫోన్‌లో ఒక యాప్ తెగ సతాయిస్తోంది అనుకోండి. ఫోర్స్ స్టాప్ కొడతారు. కాసేపటికి మళ్ళీ లేస్తుంది. అప్పుడేం చేస్తారు? అన్‌ఇన్‌స్టాల్! క్యాన్సర్ మందుల్లో ఇప్పుడు సరిగ్గా ఈ ప్రయత్నమే జరుగుతోంది.

మామూలు మందు చెడ్డ ప్రొటీన్‌ని పట్టుకుని ఆపుతుంది. మందు వదిలితే కథ మళ్ళీ మొదటికి. ప్రొటాక్ అనే రకం మందు మాత్రం ఆ ప్రొటీన్‌నే కణంలోంచి తీసేయిస్తుంది. 2001లో అమెరికాలో క్రెయిగ్ క్రూస్, రేమండ్ డిషేస్ టీమ్‌లు ఈ ఐడియా పనిచేస్తుందని చూపించాయి.

ఎలాగంటే, మన కణంలో చెత్త తీసే సిస్టమ్ ముందే ఉంది. ఈ3 లైగేజ్ అనేది అక్కర్లేని ప్రొటీన్ మీద యుబిక్విటిన్ అనే స్టిక్కర్ పడేలా చేస్తుంది. స్టిక్కర్ పడినదాన్ని ప్రోటియసోమ్ అనే మెషీన్ ముక్కలు చేసేస్తుంది. ప్రొటాక్ ఒక చివరతో చెడ్డ ప్రొటీన్‌ని, రెండో చివరతో ఈ3ని పట్టుకుంటుంది. మధ్యలో ఉండేదే లింకర్. పెళ్ళిలో కొంగుముడి లాగా అన్నమాట. పని అయ్యాక ఆ మందు విడిపోయి ఇంకో ప్రొటీన్ దగ్గరికి వెళ్ళగలదు.

జస్ట్ తాడే కదా, దాని గురించి ఎపిసోడ్ ఏంటి అంటారా? ఆగండి. తాడు మరీ పొట్టిదైతే రెండు ప్రొటీన్లూ గుద్దుకుంటాయి. మరీ పొడుగైతే పక్కపక్కన కుదురుగా నిలబడవు. రెండు కేసుల్లోనూ స్టిక్కర్ సరిగ్గా పడదు. కరెక్ట్ పొడవు ముందే లెక్కగట్టడం కష్టం. అందుకే మొదట్లో ఎక్కువగా పాలీఇథిలీన్ గ్లైకాల్, అదే పెగ్, లేదా కార్బన్ గొలుసులు వాడతారు. ఇవి అటూ ఇటూ వంగుతాయి. ఒక్కో లింకు పెంచుతూ, తగ్గిస్తూ టెస్ట్ చేయొచ్చు.

ఒక ఉదాహరణ చూడండి. జేక్యూ1 అనే అణువు బీఆర్‌డీ2, బీఆర్‌డీ3, బీఆర్‌డీ4 మూడింటినీ పట్టుకుంటుంది. 2015లో స్కాట్లండ్‌లోని డండీ యూనివర్సిటీలో అలెసియో చుల్లి టీమ్ దానికి పెగ్ లింకర్ తగిలించి ఎంజెడ్1 చేసింది. అది మూడింటినీ పట్టుకున్నా, ఎక్కువగా బీఆర్‌డీ4నే తీసేయించింది! 2017లో వచ్చిన క్రిస్టల్ నిర్మాణంలో కారణం కనబడింది. లింకర్ మడత పడి, రెండు ప్రొటీన్లూ ఒకదాన్నొకటి తాకుతూ ఉన్నాయి. ఆ జోడీ బీఆర్‌డీ4తో బాగా కుదిరింది.

మరి వంగే లింకరే బెస్టా? కాదు. అది రకరకాల షేపుల్లో ఊగుతుంది, అందులో పనికొచ్చేవి కొన్నే. పైగా పెగ్ గొలుసుని శరీరం విరగ్గొట్టేయగలదు. నోటి ద్వారా వేసుకునే మందు అణుభారం 500 లోపు ఉంటే మేలని ఫార్మాలో పాత లెక్క. ఎంజెడ్1ది సుమారు 1000! అందుకే రొమ్ము క్యాన్సర్ కోసం చేసిన వెప్‌డెజెస్ట్రెంట్‌లో ఊగే గొలుసు బదులు పైపెరిడీన్, పైపెరజీన్ అనే గట్టి రింగులు పెట్టారు. దాన్ని నోటి ద్వారానే ఇస్తూ ట్రయల్స్ చేశారు. పేషెంట్ వైపు నుంచి ఆలోచించండి. సెలైన్ కోసం ఆస్పత్రి చుట్టూ తిరగడం వేరు, ఇంట్లో టాబ్లెట్ వేసుకోవడం వేరు.

సో, వెతకడానికి వంగే తాడు, మందుగా మారడానికి గట్టి తాడు. ఫార్మసీ చదివే ఫ్రెండ్ ఉంటే ఈ వీడియో పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!