సానరాళ్ళ సంగతి
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు "ఈసారి డి.ఏ. బకాయిలు వద్దు, మీ రాళ్ళ గురించి చెప్పండి" అన్నారు. రాళ్ళంటే ఉంగరాల్లోవి కావు, సానరాళ్ళు. రిటైరయ్యాక పదకొండు పోగుచేశాను. ఎక్కువభాగం జుమ్మేరాత్ బజారులో పాత ఇనప సామాను మధ్య దొరికినవే.

మారేడుపల్లిలో, పద్మారావునగర్‌లో మన తరంవారి ఇళ్ళు ఒక్కొక్కటే అపార్టుమెంట్లవుతున్నాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇత్తడి బిందెను తూకం వేస్తారు. పెరట్లో నడుమ గుంటపడ్డ నల్లరాయి మాత్రం కంకరలో కలిసిపోతుంది. నా బాధ అదే.

గుంటపడితే రాయి అయిపోయినట్టు కాదు. గాజుపలక మీద ఎమెరీ కాగితం పరిచి, నీళ్ళు పోస్తూ రుద్దితే చదునవుతుంది. ఓపిక కావాలి, అది మనకు సర్వీసులోనే అలవాటయింది. పగులుంటే మాత్రం ఆశ వదులుకోవాలి. జిడ్డుగా ఉంటే నూనెతో వాడిన రాయని గుర్తు. దాన్ని కిరోసిన్‌తో కడిగి, తర్వాత కూడా నూనెతోనే వాడాలి.

నావాటిలో మూడు క్షౌరశాలల నుంచి వచ్చినవి. 1990లలో ఎయిడ్స్ భయం వచ్చాక మడతకత్తులు పోయి, మనిషికో బ్లేడు వచ్చింది. మంచిదే. కానీ ఆ నున్నటి రాళ్ళకు పని పోయింది.

బెల్జియంలోని ఆర్డెన్ కొండల పసుపురాయికి లోకమంతా పేరుంది. అందులో సన్నని గార్నెట్ కణాలుంటాయి, కోసేవి అవే. మనకేం తక్కువ? కురువిందం ఉంది. మోహ్స్ కొలతలో వజ్రానికి 10 అయితే దీనికి 9. దాని పొడిని లక్కతో కలిపి సానచక్రాలు చేసేవారు. ఇంగ్లీషు 'కోరండం' మన కురువిందం, తమిళుల కురుందం నుంచి పోయిన మాటే. 1890లలో అమెరికాలో అచెసన్ అనే ఆయన కొలిమిలో కొత్త రాపిడి పదార్థం చేసి 'కార్బోరండం' అని పేరు పెట్టాడు. అందులో సగం మాట మనది. మన డ్రాఫ్టు, పైఅధికారి సంతకం!

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా వెళ్ళిందని అందరూ చెబుతారు. ఆ ఉక్కుకు పదును పెట్టిన రాయిని తలచేవారు తక్కువ.

వాడకం సంగతి. రాయి మీద లేచే బురదను కడిగేయకండి, సగం పని దానిదే. వాలు మారకూడదు. నొక్కవద్దు, చేతి బరువు చాలు. కత్తిపీటకైతే కత్తిని రాతి మీద కాదు, రాతినే కత్తి మీద నడపాలి.

మీ ఇళ్ళలో అలాంటి రాయి ఉంటే పారేసే ముందు నాకొక ఫోను చేయండి, వచ్చి తీసుకెళతాను. వచ్చే నెల సమావేశానికి రెండు రాళ్ళు తెస్తున్నాను. మొద్దుబారిన కత్తులుంటే కాగితంలో చుట్టి తీసుకురండి, బస్సులో జాగ్రత్త.