తిమ్మిరి మెడదా, మణికట్టుదా?

(ఉగాది ఉత్సవంలో చదివిన ప్రసంగ పాఠం)



సంఘంవారు మమ్మల్ని సాహిత్యం మీద మాట్లాడమన్నారు. సాయంకాలపు తరగతుల్లో నేర్చుకొన్న తెలుగుతో అంత సాహసం చేయలేమని చెప్పాము. చేతి తిమ్మిరి గురించి అయితే చెప్పగలం. అది మూడు తరాలుగా మా ఇంట్లో ఉన్నది.

మా తాతగారు, మామ్మగారు రబ్బరు తోట పనికి మలయా వచ్చారు. మా అమ్మ దిగువ పేరాలోని ఒక తోటలో పుట్టి, అక్కడే రబ్బరు చెట్లు గీసింది. చల్లగా ఉన్నప్పుడే పాలు బాగా కారుతాయి కనుక చీకటితోనే, నుదుటికి దీపం కట్టుకొని బయలుదేరేది. పూటకు నాలుగు వందలకు పైగా చెట్లు. ఒక్కొక్క చెట్టు దగ్గర మణికట్టు వంచి, కత్తిని గట్టిగా పట్టుకొని, బెరడు మీద ఏటవాలుగా ఒక సన్నని గీత. లోతుగా దిగితే చెట్టుకు గాయం, పైపైన పోతే పాలు రావు. రాత్రి రెండు గంటలకు అమ్మ లేచి, గుమ్మం దగ్గర నిలబడి కుడి చెయ్యి విదిలించుకొనేది. మేము నిద్రమత్తులో నవ్వేవాళ్ళం. తోట ఆసుపత్రి డ్రెస్సరు పూసుకొనే నూనె ఇచ్చి, వయసు మీద పడిందనేవాడు. అమ్మకు అప్పటికి నలభై దాటలేదు.

కొన్నేళ్ళకు అమ్మ ముగ్గు వేయడం మానేసింది. పిండి వేళ్ళ మధ్య నుంచి ముద్దగా జారిపోతున్నదనేది. ముగ్గు ఏ వేళ్ళతో వేస్తామో ఒకసారి మీ చేతులు చూసుకోండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. ఈ మూటికీ, ఉంగరపు వేలిలో సగానికీ స్పర్శ ఇచ్చేది ఒకే నరం. ఆ నరం మణికట్టు దగ్గర ఒక ఇరుకు సొరంగం గుండా అరచేతిలోకి వస్తుంది. అందులోనే వేళ్ళను వంచే తొమ్మిది స్నాయువులు కూడా పోతాయి. కింద ఎముకలు, పైన గట్టి కట్టు. లోపల కాస్త వాచినా నరం నలిగిపోతుంది. దీనినే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. చేతి పని ఎక్కువైనవారికే కాదు, చక్కెర వ్యాధి, థైరాయిడ్ లోపం ఉన్నవారికీ, గర్భిణులకూ వస్తుంది. చక్కెర వ్యాధి లేని ఇల్లు ఈ సభలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

ఇక మా సంగతి. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద చెయ్యెత్తి రాసి, ఇంటికి వచ్చి తల వంచి నోటు పుస్తకాలు దిద్దాము. ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు కుడి చేతి వేళ్ళు మొద్దుబారడం మొదలైంది. ఒక వైద్యుడు మెడకు ఎమ్మారై తీయించి, డిస్కు ఉబ్బిందన్నాడు. నాలుగు నెలలు మెడకు కాలర్, లాగుడు వైద్యం, మాలీషు. డబ్బు పోయింది, తిమ్మిరి పోలేదు. ఎందుకు పోతుంది? జబ్బు మెడలో లేదు.

ఇక్కడ ఒక ముక్క గట్టిగా చెప్పాలి. జపాన్‌లో మెడ నొప్పి వగైరా ఏమీ లేని 1,211 మందికి ఎమ్మారై తీసి 2015లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 87 మందికి పైగా డిస్కు ఉబ్బే ఉన్నది! మా వయసులో ఫొటోలో డిస్కు ఉబ్బు కనబడడం తలలో నెరిసిన వెంట్రుక కనబడడం వంటిదే. ఫొటోకు, బాధకు పొత్తు కుదిరిందా అన్నది వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్న. మేము అడగలేదు. జీవితమంతా పిల్లలను ప్రశ్నలు అడిగినవాళ్ళం, వైద్యుడి ఎదుట నోరు మెదపలేదు.

చివరకు వేరే ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ మా చేతులు పట్టుకొని చూసింది. మీరూ చేయండి. నమస్కారాన్ని తలకిందులు చేసినట్టు, రెండు చేతుల వెనుక భాగాలు ఆనించి, వేళ్ళు నేలవైపు పెట్టి ఒక నిమిషం ఉంచండి. ఆ మూడు వేళ్ళూ తిమ్మిరెక్కితే మణికట్టును అనుమానించాలి. రాత్రి నిద్ర లేపే తిమ్మిరి, చెయ్యి విదిలిస్తే తగ్గే తిమ్మిరి, చిటికెన వేలిని వదిలిపెట్టే తిమ్మిరి, ఇవన్నీ మణికట్టు గుర్తులే. మెడ తీరు వేరు. నొప్పి మెడలోనో రెక్క ఎముక దగ్గరో పుట్టి చేతిలోకి దిగుతుంది. తల పైకెత్తి ఆ పక్కకు తిప్పితే ఎక్కువవుతుంది. చెయ్యి నెత్తిన పెట్టుకొంటే కొందరికి హాయిగా ఉంటుంది. రెండూ కలిసి ఉండేవారూ లేకపోలేదు. తేలకపోతే నరంలో విద్యుత్తు ఎంత వేగంగా పోతున్నదో కొలిచే పరీక్ష ఉంది.

మాకిచ్చిన వైద్యం చెబితే నవ్వుతారు. రాత్రిపూట కట్టుకొనే ఒక పట్టీ. నిద్రలో మణికట్టు ముడుచుకొంటే సొరంగం మరింత ఇరుకవుతుంది కనుక దాన్ని నిటారుగా ఉంచాలి. అంగడిలో దొరికే పట్టీల్లో లోహపు రేకు చాలావాటికి పైకి వంగి ఉంటుంది. దాన్ని తీసి సాపు చేసుకోండి. కనీసం ఆరు వారాలు కట్టాలి; నాలుగు రాత్రులు కట్టి విసిరేస్తే ఏమీ తెలియదు. మాకు సగం తగ్గింది. మిగతా దానికి మణికట్టులో ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు. ఇంగ్లండులో ఈ రెంటినీ పోల్చి చూసి 2018లో ప్రకటించారు. ఆరు వారాలకు ఇంజెక్షన్‌దే పైచేయి, ఆరు నెలలకు రెండూ సమానమే. చక్కెర ఉన్నవారికి ఇంజెక్షన్ తరువాత కొద్దిరోజులు చక్కెర పెరుగుతుంది, ముందే చెప్పుకోండి. నరాల బలానికని బి6 మాత్రలు గుప్పెళ్ళతో మింగేవారిని చూశాము. ఎక్కువైతే అవే నరాలను పాడుచేస్తాయి.

మా తమ్ముడిది మాత్రం నిజంగా మెడే. లారీ నడిపేవాడు. నొప్పి పుట్టగానే మంగలి దుకాణంలో మెడ విరిపించుకొన్నాడు. మన ఊళ్ళలో అది క్షవరంతో పాటు వచ్చే కానుక కదా. దయచేసి మానండి. అరుదుగానే అయినా మెదడుకు పోయే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చినవారున్నారు. తమ్ముడికి నొప్పి రెట్టింపైంది. ఆపరేషన్ తప్పదని భయపడ్డాము. ఫిజియోథెరపీ, కొద్దిరోజులు నొప్పి మాత్రలు, గడ్డం వెనక్కి లాక్కొనే వ్యాయామం, లారీ సీటు సరిచేసుకోవడం. మూడు నెలలకు మామూలు మనిషయ్యాడు. జారిన డిస్కు ముక్క కాలక్రమాన తనంతట తానే కుంచించుకుపోవడం ఉన్నది. నెదర్లాండ్స్‌లో 205 మంది మీద జరిపి 2009లో ప్రకటించిన పరీక్షలో, కొత్తగా చేతి నొప్పి మొదలైనవారికి కొద్దివారాల కాలర్, ఫిజియోథెరపీ రెండూ ఆరు వారాల్లో నొప్పిని త్వరగా తగ్గించాయి. ఆరు నెలలకు ఊరక కనిపెట్టుకొని ఉన్నవారూ వారితో సమానమయ్యారు. కాలర్ నెలల తరబడి తగిలించుకోకూడదు, మెడ కండరాలు బలహీనపడతాయి. నొప్పి మాత్రలు కూడా అంతే. మూత్రపిండాలు, కడుపు, రక్తపోటు సంగతి చూసుకొని, వైద్యుణ్ణి అడిగే మింగాలి.

అయితే కత్తి వద్దనడం మనం పట్టిన వ్రతం కాదు. బొటనవేలి మొదట ఉండే కండ పల్చబడుతున్నా, తిమ్మిరి రాత్రింబగళ్ళు వదలకున్నా ఇక పట్టీలతో కాలక్షేపం చేయరాదు. చేతులు రెండూ మొద్దుబారి గుండీలు పెట్టుకోలేకపోవడం, నడకలో తూలడం, మూత్రం పట్టు తప్పడం, ఇవి వెన్నుపాము నలుగుతున్న గుర్తులు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. మూత్రం పట్టు తప్పితే ఆ రోజే.

అమ్మకు మణికట్టు ఆపరేషన్ చేయించేసరికి ఆమెకు డెబ్భై దాటాయి. చిన్నదే, చేతికి మాత్రమే మత్తిచ్చి చేశారు. తిమ్మిరి పోయి, ఎన్నో ఏళ్ళ తరువాత తెల్లవార్లూ నిద్రపోయింది. కరిగిన కండ మాత్రం తిరిగి రాలేదు. ఆ తరువాత కూడా ముగ్గు మేమే వేసేవాళ్ళం. పక్కన కుర్చీ వేసుకొని, చుక్క తప్పిందని కేకలేసేది.

మా పట్టీ ఒకటి భోజనాల బల్ల పక్కన పెట్టాము. రేకు తీసి సాపు చేయడం ఎలాగో చూపిస్తాము, రండి. కోలాటం పిల్లలు మెట్ల దగ్గర కాచుకొని ఉన్నారు. సెలవు.