పరిషత్తు నుంచి శాసనసభకు



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూర్చున్నామో ఆ పెద్దాయన పేరు మీ చేతిలోని పుస్తకం అట్ట మీదే ఉంది. ఆయన సర్పంచిగా పనిచేశారు, ఆ పదవి దాటి పైకి వెళ్లాలని కోరుకోలేదు. వెళ్లినవాళ్లను మాత్రం జాగ్రత్తగా గమనించేవారు. ఊళ్లో ఓట్లు అడిగిన మనిషి అసెంబ్లీకి చేరాక ఊరికి ఏం తిరిగిచ్చాడన్నదే ఆయన వేసే లెక్క. నేను కూడా ఈ రోజు ఆ లెక్కే వేయదలచుకున్నాను. స్థానిక సంస్థలో మొదలై రాష్ట్ర చట్టసభకు చేరిన రాజకీయ జీవితాన్ని ఎలా తూకం వేయాలి? మన వికారాబాద్ జిల్లాలో ఆ ప్రశ్నకు ముఖ్యమంత్రి స్థాయి ఉదాహరణే ఉంది.

దానికి ముందు కాస్త దూరం వెళ్లొద్దాం. కెనడాలో నగర కౌన్సిలర్‌గా గెలిచి, తర్వాత రాష్ట్ర శాసనసభకు పోవడం మామూలు సంగతి. ఒంటారియో ప్రస్తుత ప్రీమియర్ డగ్ ఫోర్డ్ ఆ దారినే వచ్చారు. 2010 నుంచి 2014 దాకా టొరంటో కౌన్సిలర్. అప్పుడు ఆయన తమ్ముడు రాబ్ ఫోర్డ్ అదే నగరానికి మేయర్. 2014లో తమ్ముడు జబ్బు పడితే అన్న మేయర్ పదవికి నిలబడి ఓడిపోయారు. 2018 జూన్‌లో పార్టీని గెలిపించి ప్రీమియర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చుని నెల తిరిగిందో లేదో, తాను పనిచేసిన టొరంటో కౌన్సిల్‌లో 47గా ఉండబోయిన వార్డులను 25కు కుదిస్తామని ప్రకటించారు. అప్పటికే అభ్యర్థులు ఇంటింటికీ తిరుగుతున్నారు. ఎన్నికల మధ్యలో చట్టం మారిపోయింది. నగరం కోర్టుకెక్కింది. 2021లో కెనడా సుప్రీంకోర్టు 5-4 తేడాతో రాష్ట్ర ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది. 1867 నాటి వాళ్ల రాజ్యాంగ చట్టం పురపాలక సంస్థలను రాష్ట్రాల చేతిలో పెట్టింది. రాష్ట్రం పెంచవచ్చు, తుంచవచ్చు.

ఈ కథలో నాకు రెండు పాఠాలు కనిపిస్తాయి. కింది నుంచి వచ్చినవాడు కింది సంస్థకు అండగా ఉంటాడన్న నమ్మకం లేదన్నది మొదటిది. రెండోది అంతకంటే ముఖ్యం. రాజ్యాంగ రక్షణ లేని ఆ కౌన్సిళ్లకు ఒంటారియోలో ఎన్నిక మాత్రం తప్పదు. నాలుగేళ్లకోసారి అక్టోబరు నాలుగో సోమవారం నాడు జరపాలని చట్టంలోనే రాసి ఉంది. వార్డులు సగమైన 2018లో కూడా ఆ తేదీ కదల్లేదు.

మన దగ్గర సంగతి తలకిందులు. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ సవరణ పంచాయతీలను రాజ్యాంగంలోకి తెచ్చింది. 29 అంశాలు పదకొండో షెడ్యూలులోకి ఎక్కాయి. అయిదేళ్ల గడువు ముగిసేలోగా ఎన్నిక పూర్తి కావాలని 243ఇ అధికరణం చెబుతుంది. ఇంత గట్టి రక్షణ ఉన్న పంచాయతీలు తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా సర్పంచులు లేకుండా ఉన్నాయి. రాజ్యాంగం కాపాడే సంస్థకు ఎన్నిక లేకపోవడం, కాపాడని సంస్థకు తేదీ తప్పకుండా ఎన్నిక రావడం ఎందుకో ఆలోచించకుండా మనం ఏ నాయకుడి జీవితాన్నీ బేరీజు వేయలేం.

మన ప్రాంతం నుంచి రాష్ట్ర రాజకీయాలకు వెళ్లిన మొదటి పెద్ద పేరు డాక్టర్ మర్రి చెన్నారెడ్డి గారిది. ఆయనది స్థానిక సంస్థల దారి కాదు. వైద్యం చదివి, ఆంధ్ర మహాసభలో, హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌లో పనిచేసి, 1952లో వికారాబాద్ నుంచి గెలిచి నేరుగా బూర్గుల మంత్రివర్గంలో చేరారు. అప్పటికి పంచాయతీరాజ్ అన్న వ్యవస్థే పుట్టలేదు. 1967లో తాండూరు ఎన్నికను వందేమాతరం రామచంద్రరావు గారు సవాలు చేయడం, కోర్టులు దాన్ని రద్దు చేయడం, ఆ తర్వాత తెలంగాణ ప్రజా సమితికి నాయకత్వం, రెండుసార్లు ముఖ్యమంత్రి పదవి, నాలుగు రాష్ట్రాల గవర్నర్ పదవులు మీకు తెలిసినవే. ఉద్యమం నుంచి వచ్చిన తరం అది.

1959లో షాద్‌నగర్‌లో సమితి వ్యవస్థ మొదలయ్యాక రెండో దారి తెరుచుకుంది. సమితి అధ్యక్షుడంటే అప్పట్లో ఎమ్మెల్యేకు తీసిపోని మనిషి. బడి ఎక్కడ కట్టాలి, బావికి అప్పు ఎవరికివ్వాలి అన్నది ఆయన గదిలో తేలేది. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం సమితులను తీసేసి మండలాలు పెట్టింది. 1995 నుంచి మండల పరిషత్తుకు ఎంపీటీసీలు, జిల్లా పరిషత్తుకు జెడ్పీటీసీలు వచ్చారు. పదవుల సంఖ్య పెరిగింది, పదవి బరువు తగ్గింది. జెడ్పీటీసీ అంటే మండలం మొత్తం ఓట్లు అడిగి గెలిచే మనిషి. గెలిచాక ఆయన చేతిలో ఏముంటుంది? జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి అడిగే హక్కు ఉంటుంది. తాండూరు నాపరాళ్ల గనుల లారీలు రోడ్లను గుల్ల చేస్తున్నాయని, దుమ్ముతో కందిచేను పాడవుతోందని అడగవచ్చు. నియోజకవర్గ అభివృద్ధి నిధులు, అధికారుల బదిలీలు, పథకాల లబ్ధిదారుల జాబితాలు మాత్రం ఎమ్మెల్యే చుట్టూ తిరుగుతాయి. అందుకే చురుకైన ప్రతి జెడ్పీటీసీ చూపూ అసెంబ్లీ మీదే ఉంటుంది. వాళ్లను తప్పుపట్టలేను. పని చేయాలన్న తపన ఉన్నవాడు పని జరిగే చోటుకే పోతాడు.

ఎనుముల రేవంత్ రెడ్డి గారు ఈ దారిలో వచ్చినవారే. 1969 నవంబరు 8న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా కొండారెడ్డిపల్లిలో పుట్టారు. విద్యార్థి దశలో ఏబీవీపీలో పనిచేశారు. 2006లో మిడ్జిల్ జెడ్పీటీసీగా స్వతంత్ర అభ్యర్థిగా గెలిచారు. 1985లో రద్దయిన శాసనమండలి 2007లో తిరిగి వచ్చింది. దాంతో స్థానిక సంస్థల నియోజకవర్గాలు మళ్లీ ఏర్పడ్డాయి. మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల స్థానం నుంచి ఆయన మళ్లీ స్వతంత్రుడిగానే ఎమ్మెల్సీ అయ్యారు.

ఈ విజయం దగ్గర కాస్త ఆగాలి. స్థానిక సంస్థల ఎమ్మెల్సీకి ఓటు వేసేది ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు, మున్సిపల్ కౌన్సిలర్లు. సర్పంచికి అందులో ఓటు లేదు. ఓటర్లు తక్కువ మంది, దాదాపు అందరూ ఏదో ఒక పార్టీ మనుషులే. జెండా లేని అభ్యర్థి వాళ్లను గెలవాలంటే మనిషి మనిషినీ కలవాలి. ఎవరికి ఏ బిల్లు ఆగిందో, ఎవరికి పార్టీలో అవమానం జరిగిందో తెలియాలి. ఆయన రాజకీయ నేర్పు అసెంబ్లీ మైకుల ముందు పుట్టిందని చాలామంది అనుకుంటారు. ఈ ఎన్నికలోనే పుట్టిందని నా అభిప్రాయం.

తర్వాత తెలుగుదేశంలో చేరి 2009లో కొడంగల్‌కు వచ్చారు. ఊరు కాని ఊరు. ఎదురుగా నియోజకవర్గాన్ని ఎన్నోసార్లు గెలిచిన గుర్నాథ్ రెడ్డి గారు. గెలిచారు, 2014లోనూ గెలిచారు. 2015లో ఎమ్మెల్సీ ఎన్నికకు సంబంధించిన ఓటుకు నోటు కేసులో అరెస్టయ్యారు. ఆ కేసు గురించి తీర్పు చెప్పాల్సింది న్యాయస్థానమే. 2017లో కాంగ్రెస్‌లో చేరారు. 2018లో కొడంగల్‌లో పట్నం నరేందర్ రెడ్డి గారి చేతిలో ఓడారు. ఆరు నెలలు తిరగకుండా 2019లో మల్కాజ్‌గిరి ఎంపీ అయ్యారు. 2021లో పీసీసీ అధ్యక్షులు. 2023లో కొడంగల్‌లో 32 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచి, కామారెడ్డిలో ఓడి, డిసెంబరు 7న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. జెడ్పీటీసీ నుంచి ముఖ్యమంత్రి దాకా 17 ఏళ్లు. మధ్యలో మంత్రి పదవి ఒక్కటీ లేదు. వారం తర్వాత వికారాబాద్ ఎమ్మెల్యే గడ్డం ప్రసాద్ కుమార్ గారు స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళిత నాయకుడు తెలంగాణలో ఆయనే. ఒక జిల్లాకు ఒకేసారి ముఖ్యమంత్రి, స్పీకర్ దక్కారు.

రేవంత్ రెడ్డి గారి ప్రత్యర్థుల దారి కూడా చూడండి. 2018లో కొడంగల్‌లో గెలిచిన నరేందర్ రెడ్డి గారు అప్పటికి రంగారెడ్డి స్థానిక సంస్థల ఎమ్మెల్సీ. ఆయన ఖాళీ చేసిన స్థానంలో 2019లో అన్న మహేందర్ రెడ్డి గారు నిలబడి గెలిచారు. మహేందర్ రెడ్డి గారు తాండూరు నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యే, తెలంగాణ తొలి ప్రభుత్వంలో రవాణా మంత్రి, 2018లో తాండూరులో ఓడినవారు. ఆయన భార్య సునీత గారు 2014 నుంచి ఉమ్మడి రంగారెడ్డి జిల్లా పరిషత్‌కు, 2019 నుంచి వికారాబాద్ జిల్లా పరిషత్‌కు అధ్యక్షులుగా పనిచేశారు. పరిషత్తూ, మండలీ, శాసనసభా ఒకే ఇంట్లో కలిశాయి. వారి సామర్థ్యాన్ని నేను తక్కువ చేయను. కానీ ఎంపీటీసీల ఓట్లతో నిండాల్సిన మండలి స్థానం, అసెంబ్లీకి ఎక్కేవారికో, అసెంబ్లీలో ఓడినవారికో మజిలీ అయిపోయింది. తాండూరు మండలంలో పదేళ్లు ఎంపీటీసీగా పనిచేసిన మామూలు మనిషి ఆ స్థానంలో కూర్చున్నట్టు మనం చూశామా?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. 2018 పంచాయతీరాజ్ చట్టం ఒక గొప్ప మేలు చేసింది. తండాలను పంచాయతీలు చేసింది. కొడంగల్, తాండూరు, పరిగి వైపు ఎన్నో తండాల్లో మొదటిసారి సొంత సర్పంచి వచ్చాడు. అదే చట్టం సర్పంచిని సస్పెండ్ చేసే అధికారాన్ని కలెక్టర్‌కు ఇచ్చింది, చెక్కు మీద ఉపసర్పంచి సంతకాన్నీ తప్పనిసరి చేసింది. నర్సరీ, వైకుంఠధామం, డంపింగ్ యార్డు, ట్రాక్టర్ అన్నీ సర్పంచి నెత్తిన పెట్టారు. చేసిన పనులకు బిల్లులు రాక అప్పులపాలైన సర్పంచులు ఈ హాల్లోనే ఉన్నారు. ఆ బాధ రెండు ప్రభుత్వాల కాలంలోనూ నడిచింది.

2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి 1న ముగిసింది. జూలైలో మండల, జిల్లా పరిషత్తులవీ ముగిశాయి. ప్రత్యేకాధికారులు వచ్చారు. ఒక్కో అధికారికి పలు ఊళ్లు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి 15వ ఆర్థిక సంఘం నిధులు రాలేదు కాబట్టి, వీధిదీపం కాలిపోయినా మోటారు చెడిపోయినా కార్యదర్శి చేబదులు తేవాల్సిన రోజులు వచ్చాయి.

ఈ ఖాళీలోనే లగచర్ల జరిగింది. 2024 నవంబరు 11న, ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గంలోని ఈ ఊరికి ఫార్మా పరిశ్రమల భూసేకరణ మీద అభిప్రాయాలు వినడానికి వెళ్లిన జిల్లా కలెక్టర్, అధికారుల మీద దాడి జరిగింది. అధికారి మీద చేయి చేసుకోవడాన్ని ఎవరూ సమర్థించకూడదు. తర్వాత పెద్దఎత్తున అరెస్టులు జరిగాయి. భూమే ఆధారమైన లంబాడా రైతులు జైళ్లలో గడిపారు. నెలాఖరుకు ప్రభుత్వం ఫార్మా ప్రతిపాదనను ఉపసంహరించి, పారిశ్రామిక పార్కు అంది. నేను ఎత్తి చూపేది ఒక్కటే. ఆ రోజు లగచర్లలో గానీ చుట్టుపక్కల తండాల్లో గానీ ఎన్నికైన సర్పంచి లేడు, ఎంపీటీసీ లేడు, మండలానికి జెడ్పీటీసీ లేడు. కలెక్టర్‌కూ రైతుకూ నడుమ నిలబడి, ఇటు కోపాన్ని అటు చెప్పి, అటు మాటను ఇటు తెచ్చే మనిషి లేడు. సర్పంచి ఉంటే గొడవ జరిగేది కాదని నేను అనను. ఊరి మాట ముందే, ఊరి మనిషి నోట వినే వీలు ఉండేదని మాత్రం గట్టిగా అంటాను. పంచాయతీ ఎన్నిక ఆలస్యమైతే ఏమవుతుందని అడిగేవాళ్లకు నా జవాబు ఇది.

ఆలస్యానికి ప్రభుత్వం చెప్పిన కారణం చిన్నది కాదు. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ ఇవ్వాలన్న నిర్ణయం సామాజిక న్యాయానికి సంబంధించినది, నేను దాన్ని సమర్థిస్తాను. 2025 అక్టోబరులో ఆ నిర్ణయం అమలుకు ఇచ్చిన ఉత్తర్వు మీద హైకోర్టు స్టే ఇచ్చింది. చివరికి 50 శాతం పరిమితిలోనే డిసెంబరు 11, 14, 17 తేదీల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. పరిషత్ ఎన్నికలు ఆ ఏడాది ముగిసేనాటికీ జరగలేదు. రిజర్వేషన్ల కసరత్తు గడువుకు ముందే పూర్తి చేసుకోవాలి గానీ, గడువు దాటాక మొదలుపెట్టి ఊళ్లను కాచుకోమనడం న్యాయం కాదు. ఎన్నికలను వాయిదా వేయడానికి సాకులు పనికిరావని కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. రేవంత్ రెడ్డి గారు మిడ్జిల్‌లో గెలిచిన సంవత్సరమే అది.

ఆయన జీవితం మన పిల్లలకు చెప్పదగిన జీవితమే. పార్టీ అండ లేకుండా మండలం నుంచి మొదలుపెట్టి రాష్ట్రాన్ని ఏలే స్థాయికి రావడం ప్రజాస్వామ్యం సాధించిన గెలుపు. కానీ జెడ్పీటీసీలు, ఎంపీటీసీలు తనను చట్టసభకు పంపినందుకు ఆయన తీర్చాల్సిన బాకీ ఇంకా ఉంది. ఆ బాకీ ఆయనొక్కరిదే కాదు, పరిషత్తు మెట్టు ఎక్కి పైకి పోయిన మన జిల్లా నాయకులందరిదీ.

అందుకే ఈ వేదిక మీది శాసనసభ్యులను అడుగుతున్నాను. స్థానిక ఎన్నికల నెలను చట్టంలోనే రాయండి, ఏ ప్రభుత్వం వచ్చినా మార్చలేనట్టు. సర్పంచిని తొలగించే అధికారాన్ని కలెక్టర్ చేతి నుంచి తీసి, విచారణ జరిపే స్వతంత్ర సంస్థకు ఇవ్వండి. నాపరాళ్ల గనుల నుంచి, సిమెంటు ఫ్యాక్టరీల నుంచి వచ్చే రాబడిలో పంచాయతీల, పరిషత్తుల వాటాను నేరుగా వాటి ఖాతాలో వేయండి. డిసెంబరులో గెలిచి ఇక్కడికి వచ్చిన కొత్త సర్పంచులకు నా విన్నపం ఒకటే: గ్రామసభను కాగితం మీద కాకుండా రచ్చబండ దగ్గర పెట్టండి, ఊరి తీర్మానాన్ని మీ చేతి రాతతో రిజిస్టరులో ఎక్కించండి, దాని నకలును మీ ఎమ్మెల్యేకు పంపి రసీదు తీసుకోండి.