జీపు వెనుక చిన్న బండి

బండిలో బరువు నింపుట వేరు. నింపిన బరువును తగినచోట నిలుపుట వేరు. మొదటిదానికి కండబలము చాలును. రెండవదానికి తెలివి కావలెను. రెండెడ్ల బండి తోలినవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ధాన్యపు బస్తాలు వెనుకకు ఎక్కువగా పడినచో కాడి పైకి లేచి, మెడపట్టెడలు ఎద్దుల గొంతులను బిగించును. ముందుకు ఎక్కువైనచో బరువంతయు మెడలపై పడి ఎద్దులు అడుగు వేయలేవు. అందుచే బండివాడు బస్తాలు సర్దిన పిమ్మట కాడిని చేతితో ఎత్తిచూచి, కొంచెము ముందుమొగ్గు ఉండునట్లు సరిచేసికొనును. మిట్ట ఎక్కునపుడు తాను నొగలమీదికి జరుగును; పల్లము దిగునపుడు వెనుకకు జరుగును. తన శరీరమునే తక్కెడరాయిగా వాడుకొనుచున్నాడన్నమాట.

జీపు వెనుక తగిలించు రెండుచక్రముల ట్రెయిలరుకు కూడ శాస్త్రము ఇదియే. కాని ఒక భేదము కలదు. ఎద్దులు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడుచును. జీపు అరువది పోవును. ఎద్దులబండిలో జరిగిన పొరపాటు ఎద్దుల మూలుగుతో తెలియును. సర్దుకొనుటకు వ్యవధి ఉండును. జీపు వెనుక జరిగిన పొరపాటు తెలియునప్పటికి బండి రోడ్డు ప్రక్క కాలువలో ఉండవచ్చును. కనుక ఇట్టి బండిని కట్టుకొనదలచినవారు ఇనుము కొనుటకు ముందే బరువు సంగతి ఆలోచింపవలెను.

ఈ బండికి చిన్న చరిత్ర కలదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి బట్లర్ అను ఊరిలో బాంటమ్ అను చిన్న కార్ల కంపెనీ ఉండెను. 1940 సెప్టెంబరులో సైన్యమునకు మొట్టమొదటి జీపు నమూనాను నిర్మించి అప్పగించినది ఆ కంపెనీయే. కాని వేలకొలది జీపులు చేయు అవకాశము విల్లీస్, ఫోర్డు కంపెనీలకు దక్కెను. బాంటమ్ వారికి దక్కినది జీపు వెనుక ఈడ్చు చిన్న ట్రెయిలరు. పావు టన్ను బండి యని దానికి పేరు. ఖాళీబండి సుమారు 250 కిలోలు. దారిలేని చోట్ల మోయవలసిన సరకు సుమారు 225 కిలోలు. జీపు చక్రములే దానికిని చక్రములు. కనుక ఒకే స్టెప్నీ రెంటికిని సరిపోవును. రెండు చక్రముల నడిమి దూరము కూడ జీపుదే. కనుక జీపు తొక్కిన గాడిలోనే బండియు నడచును. తొట్టిలోనికి నీరు చొరకుండ అతికి, ఏరు దాటునపుడు తేలునట్లు చేసిరి. లోపల చేరిన నీరు పోవుటకు అడుగున బిరడాలు అమర్చిరి. ఎనుబది ఏండ్లు గడచినను, అడవిదారుల బండి కట్టువారు ఈ గుణములనే ఇంకను అనుసరించుచున్నారు.

ఇక నిర్మాణము. కొలతల కొరకు ఒక బండిని ఊహింతము. తొట్టి పొడవు రెండు మీటర్లు. ఇరుసును సరిగా నడుమ పెట్టరాదు. కొంచెము వెనుకకు పెట్టవలెను. నూటికి అరువది పాళ్ళు ఇరుసుకు ముందు, నలువది పాళ్ళు వెనుక ఉండుట వాడుకలోనున్న లెక్క. అనగా మన తొట్టి 1.2 మీటర్లు ఇరుసుకు ముందును, 0.8 మీటరు వెనుకను ఉండును. జీపుకు తగిలించు ఉంగరము ఇరుసునుండి 2.5 మీటర్ల దూరమున ఉండుగాక. నొగ మరీ పొట్టిదైనచో వెనుకకు నడపునపుడు బండి చటుక్కున అడ్డము తిరుగును. తొట్టి మూల జీపు వెనుకభాగమును తాకును.

తగిలించు చోట మంచి రోడ్లపై వాడు గుండు, గిన్నె అమరిక అడవిదారికి చాలదు. జీపు ఒక ప్రక్కకు ఒరిగినపుడు బండి రెండవ ప్రక్కకు ఒరుగుచుండును. గిన్నె కొంతమేరకే తిరుగును. ఆపై పట్టివేయును, లేదా విరుగును. సైనికుల జీపునకు కొక్కెము, ట్రెయిలరుకు ఇనుప ఉంగరము పెట్టుటకు కారణమిదే. ఏ అమరిక యైనను, దానికి తోడు రెండు గొలుసులను నొగక్రింద ఒకదానినొకటి దాటునట్లు తగిలింపవలెను. కొక్కెము ఊడినచో నొగ నేలలో గ్రుచ్చుకొనక ఆ గొలుసుల ఊయెలలో నిలుచును.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. బండి మొత్తము బరువులో ఎంతపాలు కొక్కెముమీద ఆనవలెను? అమెరికాలో సాధారణముగా నూటికి పది మొదలు పదునైదు పాళ్ళని చెప్పుదురు. ఐరోపాలో అంతకంటె తక్కువతో నడుపుదురు. ఏ దేశమునందైనను వాహనము చేసినవారు విధించిన హద్దును దాటరాదు. మన బండి ఖాళీగా 250 కిలోలు, సరకు 350 కిలోలు, మొత్తము 600 కిలోలు అనుకొందము. నూటికి పది యనగా 60 కిలోలు. పదునైదు యనగా 90 కిలోలు.

ఖాళీబండి ఉంగరమువద్ద 30 కిలోలు తూగుచున్నదనుకొందము. సరకు గరిమనాభి ఇరుసుకు 0.3 మీటరు ముందున్నచో, 350ని 0.3తో హెచ్చించి 2.5తో భాగింపవలెను. 42 కిలోలు వచ్చును. ముప్పదితో కలిపి 72. మొత్తములో నూటికి పండ్రెండు, చక్కగా సరిపోయినది. అదే సరకు ఇరుసుకు 0.3 మీటరు వెనుకకు జరిగినచో, ముప్పదిలోనుండి నలువదిరెండు తీసివేయవలెను. అనగా ఉంగరము క్రిందికి ఆనుటకు మారుగా, పండ్రెండు కిలోల బలముతో జీపు కొక్కెమును పైకెత్తుచుండును. ఒక్క కిలో సరకు పెరుగలేదు, తరుగలేదు. రెండడుగుల లోపల చోటు మారినది, గుణము తలక్రిందులైనది.

వెనుకమొగ్గు గల బండి ఎందుకు ప్రమాదకరము? గాలివిసురు గాని, రాయి గాని బండిని కొంచెము ప్రక్కకు నెట్టుననుకొందము. గరిమనాభి ఇరుసుకు ముందున్నపుడు చక్రములు బండిని మరల తిన్నగా లాగుకొనును. గరిమనాభి వెనుకనున్నపుడు ఆ బరువే బండిని ఇంకను ప్రక్కకు త్రోయును. ఊపు ఒకటికి రెండగును, రెండుకు నాలుగగును. వేగము హెచ్చినకొలది ఊపును అణచు శక్తి తగ్గును. కనుకనే గంటకు 40 కిలోమీటర్లవద్ద బుద్ధిగా నడచిన బండి 70వద్ద తోక ఆడించును.

అట్లని ముందుమొగ్గు హద్దుమీరినను కీడే. జీపు వెనుకభాగము క్రుంగును. ముందుచక్రములపై బరువు తగ్గును. స్టీరింగు తేలికపడి, బ్రేకు పట్టు సన్నగిల్లును. రాత్రివేళ దీపములు దారిని విడిచి చెట్లకొమ్మలను చూపును.

కొక్కెము బరువు సరిపోయినంతమాత్రమున పని ముగిసినదనుకొనరాదు. నీటిడబ్బాలను తొట్టి ముందుమూలను, పనిముట్ల పెట్టెను వెనుకమూలను పెట్టినను లెక్క సరిపోవచ్చును. కాని కావడి మోయువానిని చూడుడు. పొడవైన కావడి చివరల రెండు కుండలు వ్రేలాడునపుడు అతడు చటుక్కున తిరుగలేడు. తిరుగ మొదలిడినచో చటుక్కున ఆగలేడు. ఆ కుండలనే భుజముదగ్గరకు జరుపుకొన్నచో సులువుగా తిరుగును, సులువుగా ఆగును. బండియు అంతియే. చివరలనున్న బరువు ఊగుట మొదలిడినచో ఆపుట కష్టము. కనుక బరువైన వస్తువులన్నియు ఇరుసుకు దగ్గరగా, రవంత ముందుగా, అడుగున చేరవలెను. పరుపులు, గుడారపు గుడ్డలు వంటి తేలికవి చివరలకును పైకిని పోవలెను.

నీటి విషయమున మరొక జాగ్రత్త. త్రాగినకొలది నీరు తరుగును. ఇరవై లీటర్ల డబ్బా ఇరుసుకు 1.1 మీటరు ముందున్నచో కొక్కెముమీద సుమారు తొమ్మిది కిలోలు కలుపుచుండును. అట్టివి నాలుగు ఖాళీయైనచో ముప్పదియైదు కిలోలు ఎగిరిపోవును. బయలుదేరినప్పటి డెబ్బదిరెండు ముప్పదియేడుకు దిగును. నీటిని సరిగా ఇరుసుపైనే ఉంచినచో నిండినను, ఎండినను కొక్కెమునకు భేదము తెలియదు.

ఎత్తు సంగతియు చూడవలెను. చక్రముల నడిమి దూరము 1.3 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.65 మీటరు ఐనచో, లెక్కప్రకారము బండి 45 డిగ్రీల ప్రక్కవాలు వరకు పడదు. పైన సామాను పేర్చి ఆ ఎత్తును 0.95 మీటరు చేసినచో హద్దు 34 డిగ్రీలకు దిగును. కమానులు అణగుట, టైరు నొక్కుకొనుట, చక్రము రాయెక్కుట లెక్కలో చేరినచో నిజమైన హద్దు ఇంకను తక్కువ.

ఇదంతయు పరీక్షించుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు. బండిని చదునైన నేలపై నిలిపి, చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి, ఉంగరమును జీపు కొక్కెమంత ఎత్తున ఉంచి, దానిక్రింద ఒక దిమ్మెను, దిమ్మెక్రింద మనుష్యులను తూచు యంత్రమును పెట్టవలెను. వచ్చిన తూకములో దిమ్మె బరువు తీసివేసినచో చాలును. మొత్తము బరువును లారీలు తూచు కాటావద్ద తెలిసికొనవచ్చును. బండి కట్టునపుడు ఇరుసును వెంటనే వెల్డింగు చేయింపక, మొదట తాత్కాలికముగా బిగించి, ఇసుకబస్తాలతో సరకు బరువునకు నింపి, తూచి, జరిపి, మరల తూచి, పిమ్మట స్థిరపరచుట వివేకము. ఒక పూట ఆలస్యము బండి జీవితకాలమునకు మేలు చేయును.

దారిలో బండి ఊగ మొదలిడినచో గాభరాపడి బ్రేకు గట్టిగా తొక్కరాదు, వేగము పెంచరాదు, స్టీరింగును అటునిటు త్రిప్పరాదు. చేతులు తిన్నగా నిలిపి, యాక్సిలరేటరుమీది కాలు తీసి, బండి తానే నెమ్మదించునట్లు చేయవలెను. పిమ్మట ప్రక్కకు ఆపి బరువును ముందుకు సర్దవలెను. సర్దకుండ నెమ్మదిగా పోవుదమనుకొనుట ప్రమాదమును వాయిదా వేయుటయే.

మన దేశపు 1988 మోటారు వాహనముల చట్టము ట్రెయిలరును మోటారు వాహనముగానే లెక్కించును. కనుక ఇంటివద్ద కట్టిన బండిని రోడ్డుమీదికి తెచ్చుటకు ముందు రవాణా అధికారుల అనుమతి, రిజిస్ట్రేషను చూచుకొనవలెను.

చివరగా ఒక మాట. మన పల్లెలలో ట్రాక్టరు ట్రక్కులో కూలీలను, పెండ్లివారిని నిలుచుండబెట్టి తీసికొనిపోవుట నేటికిని కనబడుచున్నది. పైన చెప్పిన లెక్కలన్నియు త్రాడుతో కట్టిన, కదలని సరకుకు సంబంధించినవి. మనుష్యులు కట్టిన బస్తాలు కారు. మలుపులో అందరును ఒకవైపునకు తూలుదురు. ఎవరినో చూచుటకు అందరును వెనుకకు జరుగుదురు. నిలుచున్న మనిషి బరువు తొట్టి అడుగున గాక నడుమెత్తున ఉండును. అనగా ఎత్తైన బరువు, కదలు బరువు, చోటు తెలియని బరువు ఒక్కచోట చేరినవి. ఏ తక్కెడయు దానిని తూచలేదు. సరకు బండి సరకుకే. ఈ ఒక్క నియమమును ఇంటిల్లిపాదియు పాటించినచో, కొలతలు మరచినను నష్టములేదు, ప్రాణములు నిలుచును.