నెల్లూరు తీరమున నీలి పిట్టలు

"తీగపై నీలముగా ఉన్న పిట్ట యొకటి కూర్చుండగా చూచితిమి, దాని పేరేమి?" అని అడుగువారు మనలో ఎందరో గలరు. ప్రశ్న చిన్నదే గాని సమాధానము అంత తేలిక కాదు. కావలి దగ్గరి తుమ్మలపెంట మొదలు దక్షిణమున పులికాటు సరస్సు వరకు గల తీరభూమిలో నీలపు రంగు దాల్చిన పక్షులు అరడజనుకు తక్కువ లేవు. ఈ కాలమున కెమెరా లేనివారు అరుదు. జేబులోని టెలిఫోనే కెమెరా అయినది. పిట్టను చూచినవారు దాని బొమ్మ తీసి మరీ చూపుచున్నారు. అయినను పలుమార్లు పేరు తేలుట లేదు. ఏలయన, పక్షుల విషయమున నీలము నమ్మదగిన సాక్షి కాదు. ఎందుకు కాదో, దానిపై ఆధారపడక పిట్టను ఎట్లు పోల్చుకొనవలెనో, తీసిన బొమ్మ ఎవరికి ఎట్లు పనికివచ్చునో ఈ ప్రసంగమున చెప్పదలచితిని.

ముందుగా ఒక పొరపాటును తొలగించుకొందము. ఆంగ్ల పుస్తకములు చదివినవారికి 'బ్లూబర్డ్' అను పేరు పరిచితము. అది ఉత్తర అమెరికా పక్షి. అందు మూడు జాతులు గలవు. అక్కడివారు దాని గూటికై పెరళ్ళలో చెక్కపెట్టెలు కట్టి ఆదరింతురు. ఆ పక్షి మన దేశమున లేదు. 'ఫెయిరీ బ్లూబర్డ్' అను వేరొక పక్షి మనకు గలదు గాని, అది పడమటి కనుమలలోను ఈశాన్య ప్రాంతములలోను ఉండు దట్టమైన అడవుల పిట్ట. నెల్లూరి ఇసుకనేలలకు, తాటితోపులకు అది రాదు. కనుక పేరును బట్టి పిట్టను వెదకుట మాని, ఉన్న పిట్టను చూచి పేరు తెలిసికొనుట మేలు.

మన నీలి పిట్టలలో మొదట చెప్పవలసినది పాలపిట్ట. ఇంచుమించు పావురమంత పక్షి. పెద్ద తల, బలమైన నల్లని ముక్కు. కూర్చున్నప్పుడు చూచినవారికి దీనిని నీలి పిట్ట యనుటకు మనసొప్పదు. మెడ, రొమ్ము ఇటుకపొడి కలిసిన గోధుమ వర్ణము; నడినెత్తిన మాత్రము కొంత నీలము. కరెంటు తీగపైనో, ఎండిన తాటి మొండెముపైనో ముడుచుకొని గంటలకొలది కూర్చుండును. నేలపై మిడుతయో పేడపురుగో కదలినంతనే రెక్కలు విప్పును. అప్పుడు గదా దాని అసలు వేషము! ముదురు నీలము, లేత నీలము పట్టెలు పట్టెలుగా మెరసి, పురుగు నోటబడినంతనే మరల ఆ గోధుమ వర్ణపు మూటలోనికి అణగిపోవును. జతకూడు కాలమున మగపిట్ట ఆకాశమునకెగసి, పల్టీలు కొట్టుచు, కర్ణకఠోరముగా అరచుచు క్రిందికి దిగును. ఆంగ్లమున దీనికి 'రోలర్' అను పేరు వచ్చినది ఆ పల్టీల వలననే. పేరులో పాలున్నను గొంతులో తీపి లేదు.

ఆ పాలమాట ఎక్కడిదో చెప్పినవారిలో ఒకరికి నెల్లూరుతో సంబంధము గలదు. టి. సి. జెర్డన్ అను ఆంగ్లేయ వైద్యుడు 1840వ దశకమున నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసెను. ఈ సీమలోని యానాదుల వలన ఆయన ఇక్కడి జీవజాలమును గూర్చి ఎంతో తెలిసికొనెను. 1862-64 మధ్య వెలువడిన తన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' గ్రంథమున పక్షుల తెలుగు పేర్లు కూడ వ్రాసి పెట్టెను. పాలు తక్కువగా ఇచ్చు ఆవునకు ఈ పిట్ట ఈకలను గడ్డిలో కలిపి పెట్టినచో పాలు పెరుగునని జనుల నమ్మకమనియు, అందుచే పాలపిట్ట యను పేరు వచ్చినదనియు ఆయన చెప్పిన మాట. కెమెరా వాడుకలో లేని ఆ దినములలో పక్షిని నిశ్చయముగా పోల్చుకొనవలెనన్న తుపాకితో కొట్టి చేతబట్టి చూచుటయే మార్గము. పిదప దేశీయ చిత్రకారులు దానిని ముందు పెట్టుకొని బొమ్మ వ్రాసెడివారు. ఆ తుపాకి చేసిన పనిని నేడు కెమెరా, పక్షికి హాని లేకుండ చేయగలదు. అయితే ఆ చనిపోయిన పిట్ట ఎటు త్రిప్పిన అటు తిరిగెడిది, కెమెరాకు చిక్కునది ఒక్క క్షణము, ఒక్క కోణము మాత్రమే. చిక్కంతయు ఇక్కడనే గలదు.

పాలపిట్ట ఈకలో నీలి రంగు పదార్థమేదియు లేదు. వినుటకు వింతగా తోచవచ్చును. 1934లో సర్ సి. వి. రామన్ గారు భారత విజ్ఞాన అకాడమీని నెలకొల్పి, దాని పత్రికలో పక్షుల ఈకల రంగులకు మూలమేమో చర్చించుచు ఒక వ్యాసము ప్రకటించిరి. అందు వారు పరీక్షకు తీసికొన్నది మన పాలపిట్ట ఈకనే. ఈక పోగుల లోపల మిక్కిలి సూక్ష్మమైన గాలిగదులు స్పంజివలె అల్లుకొని యుండును. వెలుతురు ఆ అల్లికపై పడినప్పుడు అందలి నీలపు పాలు మనవైపు చెదరివచ్చును. అడుగున నున్న నల్లని వర్ణకము తక్కిన రంగులను మ్రింగివేయును. అనగా నీలము ఈకలో లేదు, ఈకపై వెలుతురు పడు తీరులో ఉన్నది. వెలుతురు మన వెనుకనుండి వచ్చి పిట్టపై పడినప్పుడు మెరయు నీలము, అదే వెలుతురు పిట్ట వెనుకనుండి వచ్చినప్పుడు మాయమై మట్టిరంగు మిగులును. లకుముకి పిట్టల నీలమునకును కారణమిట్టిదే.

ఇందువలన బొమ్మ తీయువారికి మొదటి సూత్రము దానంతట అదే తెలియుచున్నది. మన తీరమున సూర్యుడు సముద్రమునుండి ఉదయించును. కనుక ఉదయమున సముద్రమునకు వీపు పెట్టి పడమటివైపు చూచువారికి పిట్ట తన రంగులన్నియు అప్పగించును. మైపాడు దగ్గరనో, కృష్ణపట్నమునకు పోవు దారిలోనో బకింగ్‌హామ్ కాలువ వెంబడి నడచునప్పుడు తూర్పుగట్టున ఉండి పడమటి గట్టు పక్షులను చూచుట ప్రొద్దుటిపూట పద్ధతి. సాయంకాలమున గట్టు మార్చవలెను. నడిమధ్యాహ్నము పనికిరాదు. ఉప్పుకొఠార్ల మీదను, రొయ్యల గుంటల మీదను తిరుగబడు ఎండ కెమెరా కొలతను మోసగించును. తెల్లని గొంతు సున్నపు ముద్ద యగును, నీలము వెలిసిపోవును. అట్టిచోట వెలుతురును ఒక మెట్టు తగ్గించి తీయుట మంచిది. సముద్రపు గాలితోడి ఉప్పుతడి కెమెరా కటకమునకు పొరగా పట్టునని కూడ మరువరాదు. ఇక తీసిన పిదప యంత్రసహాయమున నీలమును ముదురు చేయు అలవాటు కొందరికి గలదు. చూచుటకు పటము అందముగానే ఉండును గాని, గుర్తుపట్టుటకు అక్కరకు వచ్చు తేడా అందు చెరిగిపోవును.

అయితే నీలమును నమ్మనిచో మరి దేనిని నమ్మవలెను? ముక్కును, గొంతును, కూర్చున్న చోటును. తీగపైని నీలి పిట్ట యనగానే మనవారు తికమకపడునది పాలపిట్టకును తెల్లగొంతు లకుముకి పిట్టకును. పరిమాణమున రెండును దగ్గరవే. లకుముకి యన్నచో చేపలు తినునది, నీళ్ళ దగ్గరనే ఉండునను తలంపు ఈ తికమకకు ఒక కారణము. తెల్లగొంతు లకుముకి నీళ్ళకు దూరముగా పొలము నడుమ కూడ ఉండి మిడుతలను, తొండపిల్లలను పట్టి తినును. దాని ముక్కు పొడవై, బరువై, పగడమువలె ఎర్రగా ఉండును. తల చాకొలెట్ రంగు, గొంతు రొమ్ము తెలుపు, వీపు మెరయు నీలము. ఎగిరినప్పుడు రెక్కలో తెల్లని మచ్చ కనబడును. పాలపిట్ట రెక్కలో తెలుపు లేదు, రెండు నీలముల పట్టెలే. ఒక్క ఎర్ర ముక్కు కనబడెనా, పాలపిట్ట కాదని నిస్సందేహముగా చెప్పవచ్చును.

చిన్న లకుముకి వేరు. పిచ్చుక కన్న కొంచెము పెద్దది. నీటిని విడిచి పోదు. బాణమువలె నీటిమట్టమునకు తాకుచున్నట్లు పోవును. క్రిందిభాగము నారింజ వన్నె. దీని బొమ్మ దగ్గరగా చిక్కినచో ఆడో మగో కూడ చెప్పవచ్చును: మగదాని ముక్కు పూర్తిగా నలుపు, ఆడుదాని క్రిందిముక్కున ఎరుపు. చెరువుల తుంగలో కోడివలె నడచుచు, ఎర్రని ముక్కు, ఎర్రని నుదురు గల ఊదానీలపు పెద్ద పక్షి కనబడినచో అది నీలి బొల్లికోడి. పూలమొక్కల దగ్గర నల్లగా కనబడి, ఎండ తగిలినంతనే నీలముగా మెరయు చిటికెడంత పిట్ట తేనెపిట్టలలోని మగది. శీతకాలమున తీగలపై వరుసగా కూర్చుండి, గాలిలో తేలి తేనెటీగలను పట్టు సన్నని పచ్చని పిట్టకు తోక నీలమైనచో అది నీలితోక తేనెటీగల పిట్ట. వీటిని గూర్చి ఇంతకన్న చెప్పనక్కరలేదు. ఒకమారు చూచినవారికి మరల సందేహము రాదు.

పిట్ట దగ్గరకు పోవుట ఎట్లు? నా అభిప్రాయమున పోకుండుటయే మంచి ఉపాయము. పాలపిట్టయు లకుముకియు వేటకు పోయి, తరచు లేచిన చోటికే మరల వచ్చును. ఆ స్థానమును కనిపెట్టి, తగిన దూరమున సరుగుడు చెట్టు నీడనో, నిలిపిన బండిలోనో కదలక కూర్చున్నచో అరగంటలో అదియే మన యెదుటికి వచ్చును. నడచి వచ్చు మనిషిని చూచి బెదరునంతగా అవి ఆగిన బండిని చూచి బెదరవు. సూళ్లూరుపేట నుండి సరస్సు మీదుగా శ్రీహరికోటకు పోవు దారిలో శీతకాలమున అందరి కెమెరాలును దూరమున నున్న ఫ్లెమింగోల వైపే తిరిగియుండును. తలపైని తీగ మీద పాలపిట్ట తాపీగా కూర్చుండును. 2022 నాటి జిల్లాల విభజనలో ఆ ప్రాంతము తిరుపతి జిల్లాకు పోయినది గాని, పిట్టలకు ఆ కబురు అందలేదు. రెక్కలు విప్పిన బొమ్మ కావలెనన్న సెకనులో రెండువేలవ వంతు వేగము ముందే అమర్చుకొని వేచియుండవలెను. పాలపిట్టకు ఆ ఒక్క బొమ్మ చాలును, వాదమునకు తావుండదు.

మార్చి మొదలు జూన్ వరకు మాత్రము మరింత జాగ్రత్త అవసరము. అది పాలపిట్ట గుడ్లు పెట్టు కాలము. తల విరిగిన తాటిమొద్దు, కొబ్బరిమొద్దు తొర్రలు దానికి గూళ్ళు. తొర్ర యెదుట మనిషి నిలిచినంతసేపు తల్లి లోనికి రాదు; ఆ ఎండలలో పిల్లలకు అది ప్రాణముమీదికి తెచ్చును. తల్లి నోట పురుగుతో తొర్రవద్ద వాలిన బొమ్మ అందరికి ముచ్చటే. ఆ ముచ్చటకై కొమ్మలు నరికి అడ్డు తొలగించువారును గలరు. అడ్డు తొలగినది కెమెరాకే కాదు, కాకికి కూడ. యంత్రమున పిట్టకూత వినిపించి మగపిట్టను రప్పించుట కూడ నాకు సమ్మతము కాదు. పరాయి మగది వచ్చినదని అది తన పని మాని పోరునకు వచ్చును.

ఇంతకన్న పెద్ద ఆపద దసరాకు వచ్చును. విజయదశమి నాడు పాలపిట్టను చూచుట శుభమని తెలుగునాట పలుచోట్ల ఆచారము. అది పొలిమేర దాటి పోయి, ఉన్నచోట ఉన్న పిట్టను చూచి వచ్చు ఆచారము. పట్టణములు పెరిగిన పిదప పిట్టనే పట్టి, కాళ్ళు కట్టి, ఎగురకుండ రెక్కలకు జిగురు పూసి, వీధి వీధికి తెచ్చి చూపి డబ్బు అడుగుట బయలుదేరినది. అట్లు చిక్కినవానిలో ఎన్నో పిదప విడిచినను బ్రదుకవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి ఇది నేరము. పంజరములోని పిట్టకు చెల్లించు రూపాయి మరియొక పిట్టను పట్టించును. చెరువుగట్టుకు పోలేని వృద్ధులకు ఆనాటి ఉదయమే తీసిన బొమ్మను ఇంటికి తెచ్చి చూపవచ్చును గదా. శాస్త్రము ఒప్పునా యని పెద్దలు అడుగవచ్చును. జిగురు పూసిన పిట్టను ఏ శాస్త్రము ఒప్పినదో ముందు వారు చెప్పవలెను.

పాలపిట్ట మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షిగా చాలకాలము ఉండెను. రాష్ట్రవిభజన పిదప తెలంగాణ దానిని తనదిగా ఉంచుకొనగా, 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎన్నుకొన్నది. పదవి పోయిన మాట అటుండగా, పిట్టయే తగ్గిపోవుచున్నది. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక దీనిని క్షీణించుచున్న జాతులలో చేర్చి, దీని స్థితిని ప్రపంచస్థాయిలో మరల పరిశీలింపవలెనని కోరినది. ఆ నివేదికకు ఆధారము ముప్పది వేలమందికి పైబడిన సామాన్య పరిశీలకులు 'ఈబర్డ్' అను అంతర్జాల పట్టికలో వ్రాసిన మూడు కోట్ల పరిశీలనలు. అందు పండితులకన్న ఉపాధ్యాయులు, గృహిణులు, విద్యార్థులు ఎక్కువ.

మీరు తీసిన బొమ్మకు విలువ వచ్చునది అక్కడనే. బొమ్మతోపాటు తేది, వేళ, ఊరు, పిట్ట ఎక్కడ కూర్చున్నది, ఎన్ని ఉన్నవి అను నాలుగు మాటలు వ్రాయుడు. పేరు తెలియనిచో తెలియదనియే వ్రాయుడు. ఊహించి వ్రాసిన పేరు కన్న ఖాళీ మేలు. గూటి దగ్గర చూచినదైనచో ఊరి పేరుతో ఆగుడు, చెట్టు ఆనవాలు చెప్పకుడు. ఇంకొక పిట్ట గలదు: నల్లతల లకుముకి. నల్లని టోపి, తెల్లని మెడపట్టె, ఎర్రని ముక్కు, ఊదానీలపు వీపు. మడచెట్ల నడుమ ఉప్పునీటి కాలువలు దాని నెలవు. మడచెట్లు తరిగినకొలది అదియు తరుగుచున్నది. 2022 నుండి అంతర్జాతీయ పట్టికలో ఆపదకు లోబడిన జాతిగా ఎక్కినది. మన తీరమున అది అరుదు. అట్టి పిట్ట ఎవరి కెమెరాకైన చిక్కినచో, బొమ్మ మసకగా వచ్చినదని తుడిచివేయకుడు. టోపి నలుపును మెడపట్టె తెలుపును కనబడుచున్నచో చాలును.